దీనికి ఇల్లు తెలీదు

గట్టు మీద ఇది ఇరవై ఆరు కిలోలు.
మంచులో చెక్క జారుబండి మీద లాక్కొస్తుంటే
రౌనో కుక్క కూడా నన్ను చూసి జాలిపడింది.
నీళ్లలో దింపానో లేదో
బరువంతా ఎక్కడో మరిచిపోయినట్టు
అరచేతి కింద ఊరికే నిలబడింది.

గడ్డకట్టిన నీటిని రౌనో రంపంతో ముక్కోణంగా కోశాడు.
కింద సున్నపురాతి గని.
పంపులు ఆపేసి నీళ్లకి వదిలేసి యాభై ఎనిమిదేళ్లు.
నాలుగు డిగ్రీలు. జూలైలో వచ్చినా లోపల అంతే.
"మూడోవంతు పోడానికి, మూడోవంతు రాడానికి,
మిగతాది నీది కాదు, సైమీ."
గాలికీ బ్యాటరీకీ రౌనో చెప్పే లెక్క ఒకటే,
పదకొండేళ్లుగా.

స్కూటరంటారు గానీ
సీటు లేదు, చక్రం లేదు, హారన్ లేదు.
పొడవాటి పాలక్యానుకి తోకలో పంకా.
దాన్నుంచి ఒక తాడు నా నడుము పట్టీకి.
లాగేది ఆ తాడే.
చేతులు దారి చెప్పడానికి మాత్రమే.

ఔకుస్తి తాత ఇదే మాట అనేవాడు, కళ్లెం గురించి.
"నోరు లాగకు. చెవికి చెప్పు."
ఈ గనిలో ఆయన గుర్రాలు తోలాడు.
ఆయన గుర్రం పేరు వీమా;
మా ఫిన్నిష్‌లో కోసే చలిగాలి.
ఒకరోజు దీపం ఆరిపోయిందట.
అగ్గిపుల్లలు తడిసిపోయాయట.
తాత కళ్లెం వదిలేసి తోక పట్టుకున్నాడు.
వీమా ఆయన్ని చీకట్లోంచి చీకట్లోకి తిప్పి తిప్పి
సరాసరి గుర్రపుశాలలో, తన గడ్డి ముందు నిలబెట్టింది.

మీట నొక్కాను.
మోటారు చప్పుడు చెవులకి కాదు, పళ్లకి వినిపిస్తుంది.
కింద పట్టాలు. వాటి మధ్య దుంగలు
ఒక్కొక్కటిగా కాదు, ఒకే గీతగా పరిగెడుతున్నాయి.
విరిగిన నిచ్చెన. పదిహేడు అని రాసిన రేకు.
ఎవరిదో చేతితొడుగు, వేళ్లు ముడుచుకుని.
ఆగి చూద్దామనుకునేలోపే వెనక్కి వెళ్లిపోయింది.
నాలుగొందల యాభై మీటర్లు, ఏడు నిమిషాలు.
నేనేమీ చెయ్యలేదు. కాళ్లు కూడా కదపలేదు.
సిగ్గుగా ఉంటుంది ఒక్కోసారి, ఇంత తేలికగా రావడం.

అక్కడ ఆగిపోయింది.

దగ్గు లేదు, హెచ్చరిక లేదు.
పళ్లలో చప్పుడు పోయింది, అంతే.
కంగారులో ఒక్కసారి కాలు ఆడించాను;
తెల్లటి బురద లేచింది.
దీపం వేస్తే పాలు. ఆర్పితే తారు.
మీట నొక్కాను. మళ్లీ నొక్కాను.
వదిలేసి తోక పట్టుకుందామంటే
దీనికి ఇల్లు తెలీదు.

దారితాడు ఎడమవైపు ఉండాలి.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి
గోడంతా తడిమాను.
దొరికింది.
ఎంత సన్నం! మా అమ్మ అల్లికల నూలు అంత.

పాలలో ఒక పసుపు మచ్చ గుండ్రంగా తిరిగింది: బాగున్నావా?
నేనూ తిప్పాను: బాగున్నాను.
అది పూర్తి నిజం కాదు.
రౌనో తన తొడ పట్టీ నా చేతికిచ్చాడు.
వరుసగా బయల్దేరాం:
బతికున్న గుర్రం, రౌనో, నేను,
నా వెనక తాడుకి వేలాడుతూ చచ్చిన గుర్రం.
రాళ్ల తొట్టెలు ఇలాగే వెళ్లేవి కాబోలు,
ఒకదాని ముక్కు ఒకదాని వీపుకి తగిలిస్తూ.

ఆరు మీటర్ల లోతులో పన్నెండు నిమిషాలు ఆగాలి.
రక్తంలో చేరిన గాలి నెమ్మదిగా దిగాలి.
అక్కడే పాత గుర్రపుశాల. గోడకి ఇనుప కడియాలు,
తుప్పుతో వేలంత లావెక్కి.
మూడోదానికి నా స్కూటర్ కొక్కెం తగిలించాను.
చేతులు ఖాళీ చేసుకోవాలి కదా.
రౌనో చూశాడు. గడియారం వైపు తిరిగాడు.

సాయంత్రం షెడ్డులో మూత విప్పితే
లోపల చెంచాడు నీళ్లు.
రబ్బరు రింగు కింద ఒక వెంట్రుక.
గుర్రానిదై ఉంటే కథ బావుండేది.
నాదే. నెరిసింది.